ఎడారి లోయ నుంచి వచ్చిన మచ్చు

మా మేనత్త మా ఇంట్లో తిన్న ప్రతి ముద్దా తన నాలుకతో సంపాదించుకున్నదే. ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మొగుడు పోయిన ఆడపడుచును ఇన్నేళ్ళూ కూర్చోబెట్టి మేపానని అమ్మ అంటుంది. తోడబుట్టిన మమకారం కొద్దీ ఉంచుకున్నానని నాన్న అంటాడు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో మమకారం ఎప్పుడూ సరుకు కాదు. సరుకు బెల్లం. ఆ బెల్లానికి పనికొచ్చినంత కాలం అత్త ఇంట్లో పెద్దరికం చేసింది. పనికిరాదని తేల్చిన తర్వాత ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాన్న అనకాపల్లిలో బెల్లం షావుకారు. సీజన్లో, మర్నాడు మార్కెట్‌కు సరుకు తేబోయే రైతులు ముందు సాయంత్రమే మచ్చు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. మచ్చు అంటే దిమ్మ అంచున విరిచిన చిన్న ముక్క, అరిటాకులో చుట్టి తెచ్చేవారు. నాన్న దాన్ని వెలుగులోకి ఎత్తి రంగు చూసేవాడు. రంగు చూడటం గొప్ప విద్యేమీ కాదు. కాగే పాకంలో హైడ్రోస్ అనే మందు వేస్తే ఎంత మురికి బెల్లమైనా పెళ్ళిచూపులకు ముస్తాబైన పిల్లలా పచ్చగా మెరుస్తుంది. ఆ మందును కన్ను పట్టుకోలేదు. నాలుక పట్టుకుంటుంది, అదీ అందరి నాలుకా కాదు.

అత్త ముక్కను కొరికేది కాదు. నాలుక కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పూర్తిగా కరిగేదాకా కూర్చునేది. తర్వాత మింగితే బేరం కుదిరినట్టు. పక్కనున్న ఇత్తడి గిన్నెలో ఉమ్మితే సరుకు వెనక్కి పోయినట్టు. ఆమె ఉమ్మిన సరుకును ఊళ్ళో ఇంకో షావుకారు ముట్టుకునేవాడు కాదు. తెల్లారేసరికి కబురు మార్కెట్ అంతా పాకిపోయేది. అందుకే ఆఖరి పలుకు కరిగేదాకా ఆమె ఉమ్మేది కాదు, నోరు ఎంత పాడైపోతున్నా సరే.

"ఆడి ఏడాది కష్టం నా నోట్లో ఉంది. సగం కరిగేక తొందరపడి ఉమ్మెత్తే పాపం కాదేటి?" అనేది.

ఈ పద్ధతి రైతులందరికీ తెలుసు. మా మావయ్యకూ తెలుసు.

అత్త మెత్తని మనిషి అని అనుకోవద్దు. విస్తరి ముందు కూర్చుంటే చాలు, అమ్మ వంటకు అక్కడే తీర్పు. "పప్పు అడుగంటితే పైపైన తీసేవు కదే", "ఈ చింతపండు పోయినేడాదిది" అని అందరి ముందూ అనేసేది. నిజమే అనేది, అదే ఇంకా బాధ. నాన్న అక్కనేమీ అనకపోగా అమ్మ మీదే విసుక్కునేవాడు. అమ్మ పళ్ళు నూరుకుంటూ మళ్ళీ పోపు పెట్టేది.

అత్తవారిది పాయకరావుపేట. మొగుడి కర్మకాండ అయిపోగానే మరుదులు ఆమెను ఒక ట్రంకు పెట్టెతో సహా మా గుమ్మంలో దింపి వెళ్ళారు. మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. హైవే మీద బస్సు వాళ్ళు ఆ ఊరి పేరు అరిస్తే కూడా అత్త మొహం మారిపోయేది. నోటికి అంత జోరున్న మనిషి ఆ ఒక్క ఊరి దగ్గర మూగదైపోయేది. కళ్ళకు శుక్లాలు వచ్చి, చూపు ఆనడం మానేసి చాలా కాలమైంది. సీజన్ అయ్యాక ఆపరేషన్ చేయిద్దామని నాన్న ప్రతి సీజన్లోనూ అన్నాడు. తనకు కావలసింది ఆమె నాలుక కానీ కళ్ళు కాదు గనక తొందరేం పడలేదు.

ఇక మావయ్య సంగతి. అమ్మకు తమ్ముడు. లోతైన బోర్లు వేసే కంపెనీలో మెకానిక్. ఇదంతా జరిగిన ఏడు అతన్ని లడఖ్‌లో ఒక లోయకు పంపారు, భూమిలోంచి వేడినీరు ఎగదన్నే చోట బోరు వేయడానికి. పని ముగించుకుని సరిగ్గా మా బెల్లం సీజన్లో దిగాడు. ఆపిల్ పళ్ళో, ఊలు శాలువాలో తెస్తాడని అమ్మ ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. పెట్టె తెరిస్తే అన్నీ రాళ్ళూ పెచ్చులూ.

అరుగు మీద పాత పేపర్లు పరిచి ఒక్కొక్కటీ పేర్చాడు. తెల్లగా పొడి రాలుతున్న పెచ్చులు వెలిగారం. మన కంసాలి బంగారం అతకడానికి వాడేదే. అక్కడ నేల మీదే పొరలు కట్టి ఉంటుందట, పారతో గోకి తీయొచ్చట. నిమ్మపండు రంగు గడ్డలు గంధకం. వాటి పొట్లం విప్పగానే అరుగంతా దీపావళి మర్నాటి వీధిలా వాసన వేసింది. ఇంకా ఊటల అంచున పేరుకున్న సోడా, నేల ఉప్పు, పటికలాంటి పలుకులు. ఆ లోయలో చెట్టు కనిపించదన్నాడు. నీళ్ళు ఒక పక్క సలసల కాగుతుంటే పక్కనే గడ్డకట్టి ఉంటాయన్నాడు. పూర్వం మేకల వీపుల మీద చిన్న చిన్న సంచులు కట్టి ఆ వెలిగారాన్ని కొండ కనుమలు దాటించేవారట.

నాకు అవన్నీ నిజంగా నచ్చాయి. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ పాఠాలు చెబుతూ పుట్టింట్లోనే ఉండేదాన్ని. మావయ్యను అంతకుముందు ఎప్పుడూ అంత సంతోషంగా చూడలేదు. జీవితంలో మొదటిసారి అతని దగ్గర పదిమందికీ చూపించడానికి ఏదో ఉంది.

చివరికి ఒక ప్లాస్టిక్ డబ్బాలోంచి బెల్లం రంగు గడ్డ ఒకటి తీశాడు. గంధకపు గుంటల దగ్గర ఇనుము కలిసి గడ్డకట్టే లవణమట.

"ఇది ముట్టుకుంటే సెయ్యి కడుక్కోవాల. తడి తగిలితే ఆమ్లవైపోద్ది. నా గ్లౌజుకి కన్నం పెట్టేసింది," అన్నాడు.

ఈ మాట అతనే అన్నాడు. తర్వాత జరిగినదంతా సరదా అని అందరూ అంటుంటే నేను ఈ మాటే పట్టుకు వేలాడాను.

నాన్న అన్నిటినీ ఓ చూపు చూసి, "వీటికేటన్నా మార్కెట్టుందా?" అని అడిగాడు. లేదన్నాడు మావయ్య. నాన్న లేచిపోయాడు. అత్త మాత్రం ఉప్పు పలుకొకటి వేళ్ళతో తడిమి చూసి, "ఉప్పు కోసం అంత దూరం ఎల్లేవేటి మరిదీ? సముద్రం పక్క పూడిమడక ఎల్తే సాలదేటి, అక్కడ గాలి కూడా ఉప్పే," అంది.

అరుగు మీదున్న రైతులు పగలబడి నవ్వారు. లోపల్నుంచి అమ్మ కూడా నవ్వింది. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ నవ్వుల మధ్యే ఒక్కొక్క రాయినీ తిరిగి పొట్లం కట్టుకున్నాడు. నాకు జాలేసింది. అత్త మీద కోపం కూడా వచ్చింది, ఆ మాత్రం మనిషిని బతకనివ్వకూడదా అని.

మర్నాడు సాయంత్రం మునగపాక వైపు రైతు ఒకాయన మచ్చు తెచ్చాడు. నాన్న ఫోన్లో ఉన్నాడు. అరిటాకు పొట్లం అత్త పక్కన పెట్టి రైతు ఒక మూల కూర్చున్నాడు. నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. మావయ్య అత్త పక్కనే కూర్చుని పొట్లం విప్పి, "ఇదిగో వదినా, మచ్చు," అని ముక్క ఆమె చేతిలో పెట్టాడు. అత్త రోజూలాగే నాలుక కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

కాసేపటికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మెడ నరాలు తేలాయి. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారడం మొదలైంది. అయినా నోరు తెరవలేదు. రైతు భయంతో ముందుకు జరిగి, "ఏటమ్మా, ఏటైంది? పాకం సెడిందేటమ్మా?" అన్నాడు. అత్త అతనికి చేయి చూపించింది, ఉండు, తొందరపడకు అన్నట్టు. అతని సరుకును తొందరపడి ఉమ్మేయకూడదని ఆమె ఆరాటం. ఎదురుగా కూర్చున్నవాడి ఏడాది కష్టం పాడవకూడదని తన నోరు కాల్చుకుంటూ కూర్చుంది.

ఆఖరికి గిన్నె అందుకుని ఉమ్మింది. ఉమ్మిలో నెత్తురు చార ఉంది. "నీ బెల్లానికేటో అయింది నాయినా," అంది, మాట ముద్దగా. అప్పుడు మావయ్య తొడ చరుచుకుని నవ్వాడు.

"బెల్లం కాదు వదినా, లడఖ్ ఉప్పు. పూడిమడకలో ఇలాటిది దొరుకుద్దేటి?"

రైతు కూడా నవ్వాడు, తన సరుకు కాదని తేలిన సంతోషంతో. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముక్క మార్చడం చూశానని తర్వాత తనే చెప్పింది. "నాకేటి తెలుసు, సరదాకనుకున్నాను," అంది. వదినా మరుదుల మధ్య సరసాలు ఉంటాయి కదా అని కూడా అంది. సరసమంటే నోట్లో నెత్తురు రావడమని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరు నోరు చూసి, ఇదేదో ఆమ్లం కాల్చింది, ఇంతసేపు నోట్లో ఎందుకు ఉంచుకుందని అడిగాడు. చెప్పినా ఆయనకు అర్థమయ్యేది కాదు. నాలుకంతా పొక్కింది. కొన్ని వారాల పాటు అత్త పలచని మజ్జిగ తప్ప ఏదీ తీసుకోలేకపోయింది. ఆ మజ్జిగ రుచి కూడా తెలియడం లేదని సైగలతో చెప్పేది. గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చేది. నోటి నొప్పి కంటే ఆ రుచి తెలియకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆ భయం ఎందుకో నాకు తెలుసు. రుచి తెలియని అత్త ఈ ఇంట్లో ఎవరు?

ఊరు ఊరుకుంటుందా? షావుకారి అప్ప రాయి తినేసిందట అని మార్కెట్లో కొత్త ముచ్చట. మా వైపు అక్కను అప్ప అంటారు. అద్దె ఆటోవాళ్ళు కూడా నన్ను ఆపి అడిగేవారు, అది నిజమేనా అని. మావయ్యకు ఎక్కడికెళ్ళినా టీ ఇప్పించి మరీ ఆ కథ చెప్పించుకున్నారు. రాళ్ళను చూడని జనం ఆ కథను విన్నారు. అతనికి కావలసింది ఆ రకంగా దొరికింది.

ఆ రోజు మునగపాక రైతు మచ్చు ఎవరూ రుచి చూడలేదు. నాన్న రంగు చూసి కొనేశాడు. ఆ సరుకు నిండా మందే. కానీ నిగనిగలాడే పసుపు రంగు, పైవ్యాపారులు ఎగబడి పట్టుకుపోయారు. ఆ తర్వాత మరో రైతుది, ఇంకో రైతుది. అత్త అరుగు మీద లేకపోతే బేరాలు ఎంత సాఫీగా నడుస్తాయో నాన్నకు అప్పుడే తెలిసింది. ఎవరైనా "మీ అప్ప సూసిందా?" అని అడిగితే నాన్న మొహం దీనంగా పెట్టి, "పాపం, ఆవిడ నోరు కాలిపోయింది కదండి, ఇప్పుడు కళ్ళతోటే కొంటన్నాం," అనేవాడు. అడిగినవాడు అయ్యో అనేవాడు. ఇంకేం అడగడానికి ఉండేది కాదు. తన అక్క కాలిన నాలుకను అడ్డం పెట్టుకుని నాన్న ఆ సీజన్లో చేసిన వ్యాపారం అంతకుముందు ఎప్పుడూ చేయలేదు.

ఒక పొద్దున అత్త నన్ను కేకేసింది. చేతిలో మజ్జిగ గ్లాసు. "ఇందులో మీ అమ్మ అల్లం వేసింది, ఉప్పు మరిసిపోయింది, అవునా?" అంది. నేను తాగి చూశాను. అవును. అత్త చిన్నపిల్లలా నవ్వింది. నా చేయి పట్టుకుని వదల్లేదు. వంటింట్లోంచి బియ్యం, మెంతులు, జీలకర్ర, ఏది దొరికితే అది తెచ్చి ఆమె నోట్లో వేశాను. అన్నీ చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో నేను మనస్ఫూర్తిగా సంతోషించిన రోజుల్లో అదొకటి.

ఆ సాయంత్రం అత్త ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద తన చోట కూర్చుంది. వచ్చిన మచ్చును తనే తడుముకుని నోట్లో పెట్టుకుంది. కరిగేదాకా ఆగింది. ఉమ్మింది.

"మందు. శానా పడింది," అంది.

రైతు నాన్న మొహం చూశాడు. నాన్న ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మా అప్పకింకా ఆ రాయి రుచే తగుల్తంది," అని నవ్వాడు. రైతు తేరుకుని, "అవునండి, పాపం," అన్నాడు. మందు వేసినవాడు జాలిపడుతున్నాడు.

"లేదురా, నాకు బాగా తెలుత్తంది," అంది అత్త.

"అయితే పరీక్ష పెడదాం," అన్నాడు మావయ్య. మళ్ళీ డ్యూటీకి వెళ్ళేదాకా అతనికి పనేమీ లేదు. లోపలికి వెళ్ళి పళ్ళెంలో ఏవేవో పెట్టుకుని వచ్చాడు. ఈసారి అన్నీ తినేవే, నేను చూశాను. ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టాడు.

"ఉప్పు," అంది అత్త.

"తప్పు. పంచదార," అన్నాడు మావయ్య. అది ఉప్పే.

"పాత బెల్లం."

"తప్పు. చింతపండు."

అరుగంతా నవ్వులు. అది పాత బెల్లమే, నలుగురి కళ్ళెదుటా ఉంది. అత్తకు కనిపించదు కదా. ఆమె మొహం అటూ ఇటూ తిప్పుతూ నవ్వులు ఏ వైపు నుంచి వస్తున్నాయో వెతుక్కుంది.

"తమ్ముడూ, నువ్వు సెప్పు. బెల్లం కాదా ఇది?" అంది నాన్నతో.

"కాదప్పా," అన్నాడు నాన్న.

నేను అరిచాను. అత్త అన్నీ సరిగ్గా చెప్పిందని, వీళ్ళంతా అబద్ధమాడుతున్నారని. ఎవరూ నా వైపు చూడలేదు. "నువ్వు లోపలికెల్లు," అన్నాడు నాన్న, కేకలేయకుండా, టీ అడిగినట్టు. నిజం చెబితే ఏదో జరుగుతుందని అప్పటిదాకా నమ్మాను. ఏమీ జరగలేదు. రైతు సరుకు ఆ ధరకే కుదిరింది.

మర్నాడు నాన్న పెరట్లో స్టూలు మీద కూర్చుని అత్తతో మాట్లాడాడు. నేను వంటింటి కిటికీ దగ్గరున్నాను. నేను వింటున్నానని ఇద్దరికీ తెలుసు.

"నువ్వన్నది నిజవే అప్పా. నాకు తెలుసు," అన్నాడు నాన్న. "అయితే ఏటంటావు? నీ నాలుక బాగుందని నువ్వంటే, నాను మందు బెల్లం కొంటన్నట్టే కదా. బజార్లో నా మొహమేటవుద్ది? నీ నోరు పోయిందనుకో, ఏ గొడవా లేదు. తింటావు, పడుకుంటావు."

అత్త నాన్న గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. "రుచి తెలుత్తంటే తెలీదని ఎలగ సెప్పమంటావురా?" అంది.

"సెప్పలేనంటే సెప్పు. పాయకరావుపేట కారు మాటాడతాను. మీ మరుదులు ఏటంటారో సూద్దాం."

నాన్న లేచి కండువా దులుపుకుని షాపుకు వెళ్ళిపోయాడు. బెదిరించినట్టు కూడా లేదు, సరుకు దింపడానికి రిక్షా మాట్లాడినట్టుంది. మా నాన్నను నేను ఆ రోజు నుంచి నాన్నా అని పిలవలేదు. ఆయన గమనించలేదు.

ఆ మధ్యాహ్నం అందరం తినేశాక అమ్మ అత్తకు వడ్డించింది. ముందు రోజు పొద్దుటి పప్పు. ఎండాకాలం మొదలైపోయింది, ఫ్రిజ్‌లో పెట్టలేదు. గిన్నె మూత తీయగానే పులిసిన వాసన నాకే తగిలింది. పైన సన్నగా నురగ కట్టి ఉంది. "అమ్మా, అది పారేయాల్సింది," అన్నాను.

"ఆవిడకి తెలీదు కదే," అంది అమ్మ. గట్టిగానే అంది. గరిటెడు పప్పు అన్నం మీద వేసి కదలకుండా అక్కడే నిలబడింది, అత్త మొహం మీద చూపు పెట్టి. పెరట్లో మాటలు అమ్మ కూడా విన్నది. అత్త ఏం ఒప్పుకుందో చూడాలనుకుంది. ఇన్నేళ్ళ వంటల లెక్క కూడా ఆ చూపులో ఉంది.

అత్త అన్నం కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ నోరు ఏమిటో నాకు తెలుసు. అందులో పప్పు ఎప్పటిదో, ఏ గిన్నెలో మిగిలిందో, ఎప్పుడు చెడిందో అన్నీ ఆమెకు తెలుస్తున్నాయి. దవడ ఒక్కసారి ఆగింది. గొంతు కదిలింది. మింగింది. రెండో ముద్ద. మూడో ముద్ద. కంచం ఖాళీ అయ్యేదాకా ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. నేను వెళ్ళి కంచం లాగేద్దామనుకున్నాను. లాగేస్తే పాయకరావుపేట కారు ఎక్కేది ఆవిడే.

"ఎలగుంది వదినా?" అని అడిగింది అమ్మ.

"బాగుందే," అంది అత్త. కంచం ముందుకు జరిపింది. "ఇంకొంచెం వెయ్యి."

అమ్మ వేసింది.